వాడకట్టు, ఇల్లు, సోపతి: పిల్లాడు దారి తప్పేది ఎక్కడ?

పదహారేళ్ల పిల్లాడు బైకు దొంగతనంలో దొరికాడని తెలిస్తే చాలు, సాయంత్రానికల్లా మూడు తీర్పులు వచ్చేస్తాయి. "మావోడు మంచోడే సార్, సోపతులే ఖరాబు" అని తల్లి పోలీస్ స్టేషన్ గడప దగ్గర ఏడుస్తుంది. "తండ్రి రోజూ తాగి పడిపోతుంటే పిల్లలు ఏమైతరు?" అని పక్కింటివాళ్లు ఆ ఇంటిని తప్పుపడతారు. "ఆ వాడకట్టే అంత" అని ఆ వాడలో అడుగుపెట్టనివాళ్లు తేల్చేస్తారు. సుమారు నూరేళ్లుగా నేరశాస్త్రవేత్తలు వాదించుకుంటున్నది కూడా ఈ మూడు మాటల మీదే. స్నేహితులా, కుటుంబమా, ఇరుగుపొరుగా? వీటిలో ఏది ముందు, ఏది వెనక? ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉన్నాయి?

మన చట్టమూ ఈ మూడింటి గురించీ అడుగుతుంది. 2015 బాలల న్యాయ చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. దాని కింద కేంద్రం చేసిన నమూనా నిబంధనల్లో 6వ నంబరు ఫారం ఒకటి ఉంది. పట్టుబడిన పిల్లాడి గురించి ప్రొబేషన్ అధికారి పదిహేను రోజుల్లో విచారించి, ఆ ఫారం నింపి జువైనల్ జస్టిస్ బోర్డుకు ఇవ్వాలి. ఇంట్లో ఎవరెవరున్నారు, తల్లిదండ్రులు ఒకరితో ఒకరు ఎలా ఉంటారు, పిల్లాడితో ఎలా ఉంటారు, బడి ఎందుకు మానేశాడు అని అందులో వరసగా గళ్లు ఉంటాయి. స్నేహితుల్లో ఎక్కువమంది తన ఈడువాళ్లా, తనకన్నా పెద్దవాళ్లా? చదువుకున్నవాళ్లా? మత్తు అలవాటున్నవాళ్లా? నేరచరిత్ర ఉన్నవాళ్లా? ఇవన్నీ అయ్యాక ఇరుగుపొరుగు ప్రభావం గురించి అధికారి తాను గమనించింది రాయాలి. శ్రద్ధగా నింపితే ఆ పిల్లాడి బతుకంతా ఆ కాగితాల్లో కనిపిస్తుంది. "పేద కుటుంబం, చెడు స్నేహాలు, మురికివాడ" అని మూడు ముక్కలు రాసి వదిలేస్తే మాత్రం ఊళ్లోవాళ్ల తీర్పులకే సర్కారు ముద్ర పడ్డట్టవుతుంది.

ఇన్నేళ్ల పరిశోధనలు చదివాక నాకు బలంగా అనిపిస్తున్నది ఒకటి ఉంది. మనం సోపతిని ఎక్కువగా నిందిస్తాం, ఎందుకంటే నింద వేయడానికి అది సులువు, పైగా అది ఎప్పుడూ ఎవరో ఇంకొకరి కొడుకు. కానీ పెద్దల చూపు లేని గంటలు దొరికినప్పుడే సోపతికి బలం వస్తుంది. ఆ గంటలు ఇంట్లో మొదలవుతాయి, వాడకట్టులో పెరుగుతాయి.

మడికొండ లాంటి ఊరిని తీసుకుంటే ఈ ముడి ఎంత చిక్కగా ఉంటుందో తెలుస్తుంది. హైదరాబాద్–వరంగల్ జాతీయ రహదారి మీద కాజీపేటకు ముందు వచ్చే ఊరిది. మెట్టుగుట్ట రామలింగేశ్వరుడి ఊరు, కాళోజీ పెరిగిన ఊరు. ఇప్పుడు గ్రేటర్ వరంగల్ విలీన గ్రామాల్లో ఒకటి. చుట్టూ ఇండస్ట్రియల్ ఎస్టేట్, షోలాపూర్ వంటి చోట్ల నుంచి తిరిగొచ్చిన నేత కార్మికుల కోసం తలపెట్టిన టెక్స్‌టైల్ పార్కు, 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ కంపెనీలు మొదలైన ఐటీ సెజ్. ఇంకో పక్క నగరం చెత్తంతా వచ్చిపడే రాంపూర్ డంపింగ్ యార్డు. ఒకే ఊరి పిల్లాడికి అద్దాల మేడా కనిపిస్తుంది, చెత్త తగలబడిన పొగా వస్తుంది. పక్కనే కాజీపేట జంక్షన్. ఆంధ్రా–ఒడిశా సరిహద్దు కొండల నుంచి రైళ్లలో వచ్చే గంజాయి అక్కడ పట్టుబడిందన్న వార్త జిల్లా పేజీల్లో తరచూ చూస్తూనే ఉంటాం.

ఊరు నగరంలో కలిసిపోతే మారేది పన్నులూ వార్డు నంబర్లే అనుకుంటాం. అంతకన్నా పెద్ద మార్పు ఇంకొకటి ఉంది. పాత ఊళ్లో పిల్లాడు బడి వేళప్పుడు చెరువు కట్ట మీద కనిపిస్తే ఎవరో ఒక పెద్దమనిషి "ఎవని పోరడివిరా నువ్వు?" అని అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్నతో పిల్లాడి గుండె జారేది, ఎందుకంటే జవాబు చెప్పకపోయినా సాయంత్రానికి కబురు ఇంటికి చేరేది. ఇప్పుడు కిరాయి ఇళ్లు, కొత్త ప్లాట్లు, షిఫ్టు డ్యూటీలు. అడిగేవాడికి పిల్లాడి తండ్రి తెలియడు. తెలిసినా "మనకెందుకులే" అనుకుంటాడు. అడిగితే ఎదురు తిరుగుతాడేమో, వీడియో తీసి పెడతాడేమో అన్న భయం కూడా ఉంది.

ఇరుగుపొరుగు మీద మొదటి పెద్ద పరిశోధన అమెరికాలోని షికాగోలో జరిగింది. క్లిఫర్డ్ షా, హెన్రీ మెకే అనే ఇద్దరు కోర్టు రికార్డుల్లోని పిల్లల ఇళ్లను నగరం మ్యాపు మీద గుర్తించుకుంటూ వెళ్లారు. 1942లో వాళ్ల పుస్తకం వచ్చింది. ఫ్యాక్టరీల పక్కన, నగరం నడిబొడ్డుకు దగ్గరగా, ఇళ్లు పాడుబడి జనం వస్తూ పోతూ ఉండే ప్రాంతాల్లో బాలల నేరాలు ఎక్కువ. ఇది ఎవరైనా ఊహించగలరు. ఊహించలేనిది ఇంకొకటి బయటపడింది. ఆ ప్రాంతాల్లో మొదట జర్మన్లు, ఐరిష్‌వాళ్లు ఉన్నారు, తర్వాత పోలండ్, ఇటలీ నుంచి వచ్చినవాళ్లు చేరారు. జనం మారినా నేరాల స్థాయి తగ్గలేదు. అక్కడి నుంచి మెరుగైన చోటికి వెళ్లిపోయిన జాతుల పిల్లల్లో మాత్రం తగ్గింది. అంటే లోపం రక్తంలో లేదు, ఉన్న చోటులో ఉంది.

ఈ సంగతి తెలుగు నేల మీద ఇంకా కటువుగా అర్థమవుతుంది. 1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం చేసి కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్థులని రాసుకున్నారు. ఎరుకల కుటుంబాలను తెచ్చి బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించారు. 1952లో చట్టం రద్దయింది, ముద్ర మాత్రం రద్దు కాలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా ఆ ఊరి పేరు తలచుకోవడం, ఆ ఊరి పిల్లాడు ఉద్యోగానికి వెళ్తే చిరునామా చూసి మొహం తిప్పుకోవడం తరాల తరబడి సాగింది. 1970ల్లో లవణం, హేమలత లవణం దంపతులు అక్కడికి వెళ్లి ఆ కుటుంబాల మధ్య పనిచేశారు. శిక్షతో మారని మనుషులు, నమ్మి పక్కన కూర్చునేవాళ్లు వస్తే మారతారని చూపించారు. వాడకట్టు ప్రభావం అంటే లోపలివాళ్లు పిల్లాడికి నేర్పేది మాత్రమే అనుకుంటాం. బయటివాళ్లు ఆ వాడకట్టుకు పెట్టే పేరు కూడా అందులో భాగమే. మడికొండలోనైనా, వరంగల్ బస్తీల్లోనైనా "ఆ వాడోడా?" అన్న ప్రశ్న విన్న పిల్లాడికి మంచిగా ఉండి ఏం లాభమని అనిపించడం సహజం.

1997లో రాబర్ట్ శాంప్సన్, స్టీఫెన్ రౌడెన్‌బుష్, ఫెల్టన్ ఎర్ల్స్ ఇంకో అడుగు ముందుకు వేశారు. మళ్లీ షికాగోనే. 343 వాడలు, 8,782 మంది. వాళ్లను అడిగిన ప్రశ్నలు చదివితే మన ఊరి రచ్చబండ గుర్తుకొస్తుంది. పిల్లలు బడి ఎగ్గొట్టి మూల మీద కూర్చుంటే మీ వాడవాళ్లు కలగజేసుకుంటారా? గోడల మీద పిచ్చి రాతలు రాస్తుంటే ఆపుతారా? పెద్దవాళ్లతో అమర్యాదగా మాట్లాడితే మందలిస్తారా? ఇరుగుపొరుగును నమ్మొచ్చా? "కలగజేసుకుంటారు, నమ్మొచ్చు" అన్న జవాబులు ఎక్కువ వచ్చిన వాడల్లో, పేదరికం అంతే ఉన్నా, హింస తక్కువగా కనిపించింది. వాడను కాపాడేది ఆస్తి ఒక్కటే అయ్యుంటే పేదలకు దారే లేదు. ఒకరి పిల్లాడిని ఇంకొకరు అడగగలగడం కూడా కాపాడుతుందంటే, దారి ఉంది.

అయితే ఈ పాత చూపును మరీ నెత్తిన పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. "ఎవని పోరడివిరా?" అన్న ప్రశ్న మన ఊళ్లలో అందరినీ ఒకేలా తాకలేదు. పెద్దింటి పిల్లాడు మామిడికాయలు కోస్తే అల్లరి, మాదిగవాడ పిల్లాడు కోస్తే దొంగతనం. ఆ చూపు ఆడపిల్లను గడప దాటనివ్వలేదు. ఇష్టపడి వెళ్లిపోయిన జంటలో పిల్ల వయసు పద్దెనిమిది నిండకపోతే, పిల్లాడిది పదిహేడే అయినా పోక్సో కేసు పెట్టించే తల్లిదండ్రుల వెనక నిలబడేదీ ఆ వాడకట్టు పెద్దలే. కులం చూడకుండా, ఆడా మగా అని చూడకుండా పిల్లల మీద పెద్దలకుండే బాధ్యత కొత్తగా కట్టుకోవాల్సిందే తప్ప పాతదాన్ని దుమ్ము దులిపి తెచ్చుకునేది కాదు.

మంచి వాడకు మారిస్తే సరిపోతుందా అని కూడా పరీక్షించి చూశారు. 1994లో అమెరికాలో ఐదు నగరాల్లో సుమారు 4,600 పేద కుటుంబాలను లాటరీ పద్ధతిలో విడదీసి, కొన్నిటికి మెరుగైన ప్రాంతాల్లో ఇల్లు తీసుకునే సాయం ఇచ్చారు. ఆడపిల్లల్లో అరెస్టులు తగ్గాయి. మగపిల్లల్లో మొదట హింస కేసులు తగ్గినా, కొన్నాళ్లకు దొంగతనాల వంటివి పెరిగాయి. చిన్నప్పుడే, పదమూడేళ్ల లోపే మారిన పిల్లలు పెద్దయ్యాక ఎక్కువ సంపాదించారని 2016లో తేలింది. ఈడు వచ్చాక చోటు మారిస్తే పాత స్నేహాలు తెగుతాయి, కొత్తవి కుదరవు. గురుకులాల్లో మనం చేస్తున్నదీ ఒక రకంగా ఇదే. మడికొండలోనూ సాంఘిక సంక్షేమ గురుకులం ఉంది. ఐదో తరగతిలో చేరిన బిడ్డకూ, ఇంటర్‌లో చేరిన బిడ్డకూ ఆ మార్పు ఒకేలా ఉండదన్నది మన విద్యాశాఖ గమనించాల్సిన విషయం.

ఇక ఇల్లు. షెల్డన్ గ్లూక్, ఎలియనార్ గ్లూక్ దంపతులు 1950లో ప్రచురించిన పరిశోధన ఇప్పటికీ చదవదగ్గది. బోస్టన్ నగరంలో నేరాలు చేసి సంస్కరణ బడులకు వెళ్లిన 500 మంది మగపిల్లలు, చేయని 500 మంది. వయసు, జాతి, తెలివితేటలు, పేదవాడలో నివాసం, అన్నీ సరిపోల్చి జత చేశారు. వాడ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ వచ్చిందని వెతికితే ఇంట్లో దొరికింది. తల్లి పిల్లాడి మీద కన్నేసి ఉంచుతుందా, తండ్రి ఒకరోజు వదిలేసి ఒకరోజు గొడ్డును బాదినట్టు బాదుతాడా, పిల్లాడికి ఇంటి మీద మమకారం ఉందా. ఆ రికార్డుల పెట్టెలు హార్వర్డ్ న్యాయ గ్రంథాలయం నేలమాళిగలో మూలనపడి ఉంటే, శాంప్సన్, జాన్ లాబ్ వాటిని దులిపి కొత్త గణాంక పద్ధతులతో మళ్లీ లెక్కగట్టారు. 1993లో వాళ్లు తేల్చింది ఇది: పేదరికం పిల్లాడిని నేరుగా నేరంలోకి తోయదు. ముందు అది తల్లిదండ్రులను విరిచేస్తుంది. కంటి కాపలా సడలుతుంది, చేతిలో బెత్తం పెరుగుతుంది, ఆ తర్వాత పిల్లాడు వీధికి దక్కుతాడు.

మన ఇళ్లలో దీన్ని చూడటం కష్టం కాదు. తల్లి పొద్దున్నే కూలికో, మిల్లుకో, ఇళ్లల్లో పనికో వెళ్తే చీకటి పడ్డాకే వస్తుంది. తండ్రి వైన్స్ నుంచో బెల్టు షాపు నుంచో వస్తాడు. తాగి వచ్చిన తండ్రి కొట్టేది తప్పు చేసినందుకు కాదని పిల్లాడికి బాగా తెలుసు. ఏ రోజు దెబ్బ పడుతుందో, ఏ రోజు యాభై రూపాయలు చేతిలో పడతాయో తెలియని ఇంట్లో తప్పొప్పుల లెక్క నేర్చుకోవడం ఎవరికి సాధ్యం? వరంగల్ ఆజంజాహి మిల్లు 1934లో మొదలై వేల కుటుంబాలకు నెల జీతం, క్వార్టర్లు, క్రమమైన రోజు ఇచ్చింది. 2002లో పూర్తిగా మూతపడింది. 1980ల్లో కాజీపేటకు వస్తుందనుకున్న రైల్ కోచ్ ఫ్యాక్టరీ పంజాబ్‌లోని కపుర్తలాకు పోయింది. 2023 జూలై 8న ప్రధాని కాజీపేటలో వ్యాగన్ తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. మధ్యలో గడిచిన ఈ కాలంలో ఒక తరం తండ్రులకు స్థిరమైన పని లేకుండా పోయింది. పిల్లల నేరాల గురించి మాట్లాడేటప్పుడు మిల్లుల గురించి ఎందుకని ఎవరైనా అడిగితే, తండ్రి జేబులో క్రమంగా జీతం ఉన్న ఇంటికీ లేని ఇంటికీ సాయంత్రాలు వేరుగా ఉంటాయని మాత్రం చెప్పగలను.

దక్షిణ లండన్‌లో 1953 ప్రాంతంలో పుట్టిన 411 మంది మగపిల్లల్ని చిన్నప్పటి నుంచి నడివయసు దాకా గమనించిన పరిశోధన ఇంకో కఠిన సత్యం చెప్పింది. డొనాల్డ్ వెస్ట్ మొదలుపెట్టగా డేవిడ్ ఫారింగ్టన్ కొనసాగించిన ఆ పనిలో, ఆరు శాతం కూడా లేని కుటుంబాలకే మొత్తం శిక్షల్లో సగం చెందాయని తేలింది. తండ్రీ, అన్నా జైలుకెళ్తే తమ్ముడికి ఆ దారి దగ్గరవుతుంది. దీన్ని వంశపారంపర్యం అనుకుంటే మళ్లీ 1871కి వెళ్లిపోతాం. ఆ ఇళ్లకు ముందే చేయి అందించాలని దీని అర్థం.

తల్లిదండ్రులిద్దరూ ఉన్న ఇల్లు మంచిది, లేని ఇల్లు చెడ్డది అన్న సూత్రం కూడా నిలబడదు. మన జాతీయ నేర గణాంకాల్లో పట్టుబడిన పిల్లల్లో అత్యధికులు తల్లిదండ్రులతో ఉంటున్నవాళ్లే. మరోవైపు, మడికొండ వాళ్లకు తెలిసిన కాళోజీ నారాయణరావు పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్నారు. అన్న రామేశ్వరరావు తల్లీ తండ్రీ తానే అయి సాకారు. నిజాం సర్కారు కాళోజీని జైల్లో పెట్టింది, కానీ ఆ ధిక్కారం వెనక ఒక అన్న ఆదరువు ఉంది. మనస్ఫూర్తిగా పట్టించుకునే పెద్ద మనిషి ఒక్కరున్నా ఇల్లు నిలబడుతుంది.

డబ్బున్న ఇళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 2022 మే నెలలో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఒక బాలిక మీద జరిగిన సామూహిక అత్యాచారం కేసులో నిందితులు ఆరుగురు, వాళ్లలో ఐదుగురు పద్దెనిమిదేళ్ల లోపువాళ్లు. పలుకుబడి ఉన్న కుటుంబాల పిల్లలు, ఖరీదైన కార్లు. అక్కడ మురికివాడ లేదు, ఆకలి లేదు. పట్టపగలు కారు తాళాలు చేతిలో పెట్టి "ఎక్కడికి?" అని అడగని ఇళ్లున్నాయి. మడికొండ స్థాయిలో అదే సంగతి బైకు తాళం. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడికి 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు అన్నారు. అయినా తొమ్మిదో తరగతి పిల్లాడు ఇద్దరిని ఎక్కించుకుని హైవే మీద పోతుంటే తండ్రి మీసం మెలేయడం చూస్తూనే ఉన్నాం.

మూడోది సోపతి. ఎడ్విన్ సదర్లాండ్ 1930ల్లో, 40ల్లో చెప్పిన మాట ఇప్పటికీ ఈ చర్చకు మూలం. నేరం కూడా నేర్చుకునే పనే. ఎలా చేయాలో, చేశాక మనసుకు ఎలా సర్దిచెప్పుకోవాలో దగ్గరి మనుషుల నుంచే నేర్చుకుంటారు. దీనికి ఎదురు వాదన గ్లూక్ దంపతులది: ముందు పిల్లాడు చెడతాడు, తర్వాత తనలాంటివాళ్లను వెతుక్కుంటాడు. ఏ తల్లీ ఈ రెండో మాట ఒప్పుకోదు. ఆ తర్వాతి పరిశోధనలు రెండూ నిజమేనని చెబుతున్నాయి. ఇంట్లో పట్టు దొరకని పిల్లాడు పట్టు దొరికే చోటికి పోతాడు. పోయాక అక్కడి నీళ్లే తాగుతాడు.

2005లో మార్గో గార్డ్‌నర్, లారెన్స్ స్టైన్‌బర్గ్ చేసిన ఒక ప్రయోగం ఉంది. 306 మందిని కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. పసుపు దీపం పడ్డాక ఎంత దూరం పోతారు అన్నది పరీక్ష. 13–16 ఏళ్లవాళ్లు ఒంటరిగా ఆడినప్పటికన్నా ఇద్దరు దోస్తులు పక్కనుంటే బాగా తెగించారు. 24 దాటినవాళ్లలో ఆ తేడా లేదు. పిల్లాడికి ప్రమాదం తెలియక కాదు, దోస్తులు చూస్తున్నారు గనక తెగిస్తాడు. ఇప్పుడు ఆ చూసే కళ్లు పక్కన ఇద్దరివే కావు, రీల్స్‌లో వేల మందివి.

వరంగల్‌కు ఈ విషయంలో మానని గాయం ఒకటి ఉంది. 2008 డిసెంబరులో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ దాడి జరిగింది. వాళ్లలో ఒకరు ఆ నెలాఖరున చనిపోయారు. నిందితులు ముగ్గురు యువకులు. చట్టం లెక్కన బాలలు కారు, కానీ ఇరవైల్లో ఉన్నవాళ్లు. ప్రేమను కాదన్నదన్న పగ వాళ్లలో ఒకడిదేనని పోలీసులు చెప్పారు. మిగతా ఇద్దరూ స్నేహితులు. దాడి జరిగిన కొద్ది రోజుల్లోనే ముగ్గురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఊరు సంబరాలు చేసుకుంది, పూలు చల్లింది. ఆ అమ్మాయిల మీద జరిగినదానికి కడుపు మండని మనిషి లేడు, నాకూ మండింది. కానీ ఆ ఇద్దరు దోస్తులను "నీకేం పగ ఉంది? ఎందుకు వెంట వెళ్లావు? ఎక్కడ ఆగిపోవచ్చుననిపించింది?" అని అడిగే అవకాశం కోర్టుకూ పోయింది, మనకూ పోయింది. పిల్లల్ని పెంచుతున్న ప్రతి ఇంటికీ కావలసిన జవాబు అది.

సోపతిలో వయసు తేడా మీద ప్రత్యేకంగా కన్నుండాలి. తన ఈడు పిల్లలతో చేసే అల్లరి చాలావరకు ఈడుతోనే పోతుంది. టెర్రీ మాఫిట్ 1993లో ఈ విభజన చేసి చూపించారు: చాలామంది కౌమారంలో తప్పులు చేసి ఆగిపోతారు, కొద్దిమంది మాత్రమే చిన్నప్పటి నుంచి మొదలుపెట్టి జీవితాంతం కొనసాగిస్తారు. మన లెక్కలూ దీనికి దగ్గరగానే ఉన్నాయి. 2022లో దేశంలో బాలల మీద నమోదైన కేసులు 30,555. పట్టుబడిన 37,780 మందిలో 29,690 మంది 16–18 ఏళ్ల మధ్యవాళ్లు. ఈ ఈడు పిల్లాడికి పాతికేళ్ల "అన్న" దొరికాడంటే మాత్రం లెక్క మారుతుంది. ఆ అన్న బీరు తాగిస్తాడు, బండి ఇస్తాడు, ఒకరోజు ఒక పొట్లం ఇచ్చి ఫలానా చోట ఇచ్చి రమ్మంటాడు. పిల్లాడైతే శిక్ష తక్కువని ఆ అన్నకు తెలుసు. పిల్లలకు మత్తు ఇచ్చినవాళ్లకూ, వాళ్ల చేత మత్తు మోయించినవాళ్లకూ ఏడేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా అని బాలల న్యాయ చట్టం 77, 78 సెక్షన్లు చెబుతున్నాయి. రాష్ట్రంలో మత్తు మీద పనిచేసే విభాగానికి 2025 జూన్‌లో ఈగల్ అని పేరు మార్చారు. పేరు ఏదైనా, మోసిన పిల్లాడి ఫొటో కన్నా మోయించిన అన్న అరెస్టు ముందు కనిపిస్తే ఆ సెక్షన్లకు అర్థం ఉంటుంది.

పట్టుబడ్డాక ఏం చేస్తామన్నది ఈ మూడింటి కన్నా తక్కువది కాదు. 1939–45 మధ్య అమెరికాలోనే కేంబ్రిడ్జ్, సోమర్విల్ పట్టణాల్లో ఐదువందల పైచిలుకు పిల్లలతో ఒక మంచి పని తలపెట్టారు. సగం మందికి సలహాదారు, ట్యూషన్లు, వైద్యం, వేసవి శిబిరాలు. మిగతా సగానికి ఏమీ లేదు. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ వాళ్లను వెతికి పట్టుకుని చూస్తే, సాయం పొందినవాళ్లే ఎక్కువగా చెడ్డారు. అందులోనూ వేసవి శిబిరాలకు మళ్లీ మళ్లీ వెళ్లినవాళ్లు. దారి తప్పే అవకాశం ఉన్న పిల్లలందరినీ ఒకచోట చేర్చడమే హాని చేసింది. షికాగోలో ముప్పై ఐదు వేల పైగా బాలల కేసులను పరిశీలించి 2015లో అన్నా ఐజర్, జోసెఫ్ డోయల్ చూపించిందీ ఇలాంటిదే. ఒకే రకం తప్పుకు, కఠినమైన జడ్జి దగ్గర పడి నిర్బంధంలోకి వెళ్లిన పిల్లలు బడి పూర్తి చేయడం తగ్గింది, పెద్దయ్యాక జైలుకు పోవడం పెరిగింది.

మన చట్టం ఈ విషయంలో సమాజం కన్నా ముందుంది. నమూనా నిబంధనల ప్రకారం ఘోర నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేస్తేనో తప్ప పిల్లాడి మీద ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. డైరీలో రాసుకుని, సామాజిక నేపథ్యం తెలుసుకుని బోర్డుకు పంపాలి. బెయిలు ఇవ్వడమే నియమం. పేరు, ఫొటో బయటపెట్టడం నేరం. 16 దాటిన పిల్లాడు ఘోర నేరం చేస్తే మాత్రం పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అని బోర్డు ముందుగా పరీక్షిస్తుంది. ఇక బయట మనం చేసేది చూడండి. సెల్‌ఫోన్ దొంగిలించిన పిల్లాడిని కరెంటు స్తంభానికి కట్టేస్తాం, వీడియో వాట్సాప్ గ్రూపుల్లో పెడతాం, బడివాళ్లు టీసీ చేతిలో పెట్టి పంపేస్తారు. ఆ టీసీతో వాడికి మిగిలిన చివరి మంచి సోపతి కూడా తెగిపోతుంది. ఇక వాడిని రమ్మని పిలిచేది ఆ అన్న ఒక్కడే.

మన దేశపు అధ్యయనాల మీద నాకొక ఫిర్యాదు ఉంది. వాటిలో చాలా భాగం అబ్జర్వేషన్ హోముల్లో ఉన్న పిల్లల్ని ప్రశ్నించి రాసినవి. పేదలు ఎక్కువ, బడి మానినవాళ్లు ఎక్కువ, తాగే తండ్రులు ఎక్కువ అని తేలుస్తాయి. హోములోకి వచ్చేది పోలీసులకు దొరికిన పిల్లాడే. అదే తప్పు చేసి కార్పొరేటరు ఫోనుతో ఇంటికి వెళ్లిపోయిన పిల్లాడు ఆ లెక్కలో లేడు. అదే వాడలో, అదే తాగే తండ్రికి పుట్టి, ఏ తప్పూ చేయకుండా ఐటీఐ చదువుకుంటున్న పిల్లాడూ లేడు. గ్లూక్ దంపతులు చేసిన అసలు మేలు ఆ రెండో ఐదువందల మందిని వెతకడం. ఆ పని వరంగల్‌లో చేయడానికి కాకతీయ యూనివర్సిటీ ఉంది.

ఏం చేస్తే తిరుగుతుందన్నదానికి మన దగ్గరే ఒక దాఖలా ఉంది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో పనికి పోయే పిల్లల్ని బడికి తెచ్చింది. దాన్ని నడిపిన శాంతా సిన్హాకు 2003లో మెగసెసె అవార్డు వచ్చింది. ఒక్క పిల్లాడి గురించి ఒక్క తండ్రితో వాదించి ఊరుకోలేదు. ఊరంతా కూర్చుని "మా ఊళ్లో బడి బయట పిల్లాడు ఉండకూడదు" అనుకునేలా చేశారు. బడి మానినవాళ్లకు బ్రిడ్జి క్యాంపులు పెట్టి వాళ్ల ఈడు పిల్లలతో కలిపారు. ఊళ్లోని యువకులే ఇంటింటికీ తిరిగారు. ఇల్లు, వాడ, సోపతి మూడింటినీ ఒకేసారి పట్టుకున్నారు కాబట్టే అది పనిచేసింది.

మడికొండ వంటి చోట ఇలాంటి పని మొదలుపెట్టడానికి సరైన కాలం పదో తరగతి ఫలితాల వేళ. తప్పిన పిల్లాడు ఆ రోజు నుంచి జూన్ సప్లిమెంటరీ దాకా, అదీ తప్పితే ఏడాదంతా, పొద్దుణ్నుంచి రాత్రి దాకా ఎవరి లెక్కలోనూ ఉండడు. బడికి చెందడు, కాలేజీకి చెందడు, కంపెనీ గేటు దగ్గర పద్దెనిమిది నిండలేదంటారు. తల్లి పనికి పోయాక ఆ ఇంట్లో ఉన్నది వాడూ, వాడి ఫోనూ. తప్పినవాళ్ల పేర్లు హెడ్‌మాస్టర్ల దగ్గర ఉంటాయి. ఆ జాబితా పట్టుకుని ఫలితాలొచ్చిన వారంలోనే ఆ ఇళ్లకు వెళ్లాల్సింది పోలీసులు కాదు. ఆ వాడలోనే సప్లిమెంటరీ రాసి పాసై ఇప్పుడు డిగ్రీ చదువుతున్న పిల్లలు వెళ్లాలి, ఒక టీచరు వెళ్లాలి, అంగన్‌వాడీ టీచరో మహిళా సంఘం లీడరో వెళ్లాలి. రెండు నెలలు సాయంత్రాలు బడి తలుపులు తెరిచి ఉంచడానికి ఒక వాచ్‌మన్ జీతం, కరెంటు బిల్లు చాలు. కార్పొరేషన్ ఏడాది బడ్జెట్‌లో అది లెక్కకు రానంత చిన్న మొత్తం.